వేలిముద్ర ఎవరిది?

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 9:1-13, 16:1-4, 19:24-30



కోతకాలపు పండుగకు ముందు ఒక శనివారము సాయంకాలమున, మా సంఘములోని ఒక సహోదరుడు దస్తావేజు కాగితములు సంచిలో పెట్టుకొని, తమ్ముని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆయనకు రెండు సాక్షి సంతకములు కావలెను. ఒకటి పాస్టరుది, ఒకటి సంఘపెద్దది అయినచో రిజిస్ట్రారు కచేరీలో ఎవరును మారు మాటాడరని ఆయన తలంపు. (సంఘ సేవకుల సంతకమునకు ఊరిలో ఇంకను ఇంత విలువ యున్నందుకు సంతోషింపవలెనో భయపడవలెనో మాకు తోచలేదు.)

సంగతి ఇది. తండ్రి విడిచిపోయిన ఎకరమున్నర మాగాణి ఉన్నది. తండ్రి ఏనాడో చనిపోయెను. తల్లి ఆ వేసవిలో ప్రభువునందు నిద్రించెను. కుమారులు ఇద్దరే. మన క్రైస్తవులకు వర్తించు 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము చెరి 75 సెంట్లు వచ్చును. తమ్మునికి 34 సంవత్సరములు. పుట్టినది మొదలు బుద్ధి ఎదుగనివాడు. పది వరకు లెక్కపెట్టలేడు. ఎకరమున్నరయు అమ్మి, ఇంటికి పైకప్పు వేయించి, కుమార్తె నర్సింగు చదువునకు ఫీజు కట్టవలెనని అన్న ఉద్దేశము. కాగితముల చివర తమ్ముని వేలిముద్రకు చోటు విడిచిపెట్టబడియుండెను.

ఆ అన్న దొంగ కాడని మొదటనే చెప్పవలెను. తల్లి మంచము పట్టిన నాటినుండి తమ్మునికి స్నానము చేయించుట, గడ్డము గీయుట, రాత్రి పక్క తడిసినప్పుడు లేచి దుప్పటి మార్చుట అన్నియు ఆయనయు ఆయన భార్యయు చేయుచున్నారు. "నేను కాకపోతే వాణ్ణి చూసేదెవరయ్యగారూ? నా తమ్ముడికి నేను అన్యాయం చేస్తానా?" అని అడిగెను. చేయడని మేమును ఎరుగుదుము. కలము తీసితిమి.

అప్పుడు అక్కడనే కూర్చుండి బియ్యము ఏరుచున్న మా బైబిలు స్త్రీ తల యెత్తి, "వాణ్ణి అడిగారా?" అనెను.

తమ్ముడు అరుగు మీద కూర్చుండి కోళ్లను చూచుచుండెను. ఆమె లేచిపోయి అతని ప్రక్కన కూర్చుండి, "పొలం అమ్మేస్తారంట నాయనా, నీకిష్టమేనా?" అని అడిగెను. అతడు చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత, "అమ్మ గట్టు" అనెను. మరికొంత సేపటికి, "అమ్మ గట్టు, అన్నం" అనెను. నాట్ల దినములలో ఆ తల్లి గట్టు మీద కూర్చుండి ఆ కుమారునికి ముద్దలు కలిపి పెట్టెడిది. మాలో అనేకులము దానిని చూచినవారమే. 75 సెంట్ల విలువ ఎంతయో అతడు ఎరుగడు. కాని ఆ పొలము తనకేమియో ఎరుగును.

మేము కలము మరల జేబులో పెట్టుకొంటిమి. అన్న ముఖము ఎఱ్ఱబారెను. మాటలాడక కాగితములు సంచిలో వేసికొని, తమ్ముని చెయ్యి పట్టుకొని వెళ్లిపోయెను. తరువాత అయిదు నెలలు గుడిలో ఆయన కనబడలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టకపోవుటకు ఆయన కోపము ఒక్కటే కారణము కాదు. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట వేరొక గ్రామములో ఇట్టి కాగితము మీదనే మేము సంతకము చేసితిమి. తల్లిదండ్రులు లేని ఒక మూగ సహోదరి యింటిస్థలమును గూర్చిన కాగితమది. ఆమెను పోషించుచున్న బంధువులు మమ్మును భోజనమునకు పిలిచిరి. కోడికూర తింటిమి, సంతకము పెట్టితిమి, ప్రార్థన చేసి వచ్చితిమి. ఆమె వంటింటి గుమ్మమునొద్ద నిలుచుండి మా ముఖముల వంక చూచుచుండెను. ఆమెకు చెవులు వినబడవు, మాట రాదు, అంతే. బుద్ధిలో ఏ లోపమును లేదు. సైగ చేసి అడిగియుంటిమా, తల ఊపియుండెడిది, అడ్డముగనో నిలువుగనో. మేము అడుగలేదు. రెండు సంవత్సరములకు ఆమె పశువుల కొట్టములో పరుండుచున్నదని విన్నాము. ఆమె ఇప్పుడు జీవించిలేదు. ఆ కాగితము మీద మా సంతకము ఇంకను ఉన్నది.

మెఫీబోషెతు చరిత్రను ఆదివారపు బడిలో మనమందరము నేర్చుకొన్నవారమే. దాది పరుగెత్తుచు జారవిడువగా అయిదేండ్ల వయస్సున రెండు కాళ్లును కుంటివైన రాకుమారుడు. దావీదు అతనిని లోదెబారు నుండి పిలిపించి, సౌలు భూమి అంతయు అతనికి తిరిగి యిచ్చి, తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనెను. ఆదివారపు బడిలో కథ ఇంతటితో ఆగును. దేవుని కృప ఎట్టిదో చూడుడని పాఠము ముగింతుము. బైబిలులో మాత్రము అది అక్కడ ఆగలేదు.

ఆ భూమిని దున్నువాడు సీబా. అతనికి 15 మంది కుమారులు, 20 మంది దాసులు. పంట తెచ్చి యజమానుని కుమారునికి ఆహారము కలుగజేయవలెనని రాజు ఆజ్ఞాపించెను. సీబా ఎవరికి లెక్క చెప్పవలెనో ఆ అధ్యాయమంతయు వెదకినను కనబడదు. రాజు మంచివాడు, ఉద్దేశము మంచిది, బల్ల నిండుగా ఉన్నది. లెక్క ఎందుకని ఎవరికిని తోచియుండదు.

తరువాత అబ్షాలోము తిరుగుబాటు వచ్చెను. దావీదు అలసి, ఏడ్చుచు, కొండ దాటి పారిపోవుచుండగా సీబా ఎదురు వచ్చెను. రెండు గాడిదలు, 200 రొట్టెలు, ఎండుద్రాక్ష గెలలు, అంజూరపు పండ్లు, ఒక తిత్తి ద్రాక్షారసము తెచ్చెను. యజమానుడు ఏడని రాజు అడిగెను. తాత రాజ్యము తనకు తిరిగి వచ్చునని యెరూషలేములోనే నిలిచిపోయెనని సీబా చెప్పెను. వెంటనే రాజు, అతని ఆస్తి అంతయు నీదే అనెను. ఒక్క మాటతో అయిపోయెను. విచారణ లేదు. కుంటివాడు రాజు నెదుట లేడు. రొట్టెలు మాత్రము ఎదుట ఉన్నవి. మేము తిన్న కోడికూర ఆ 200 రొట్టెలకు చుట్టమేనని ఇప్పుడు తెలియుచున్నది.

దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు కాళ్లు కట్టుకొనక, గడ్డము దిద్దుకొనక, బట్టలు ఉదికించుకొనక వచ్చి, సేవకుడు తన్ను మోసపుచ్చెనని మొరపెట్టుకొనెను. ఇద్దరిలో అబద్ధమాడినది ఎవరని వ్యాఖ్యానకర్తలు తర్కించుచుందురు. ఆ గడ్డమును బట్టి మేము మెఫీబోషెతునే నమ్ముదుము. అయినను అది అంత ముఖ్యము కాదు. అతని భూమిని గూర్చిన తీర్పు అతడు లేనప్పుడు జరిగెను. అతనికి చెడినవి కాళ్లు. నోరు బాగుగనే యుండెను. తుదకు రాజు ఇద్దరును భూమిని పంచుకొనుడని చెప్పి ఊరకుండెను. ఆ మాట చదివినప్పుడెల్లను మాకు దావీదు మీద జాలియు కోపమును కలుగును.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. తన కార్యములు తాను చక్కబెట్టుకొనలేని మనుష్యుని మీద మనము అధికారము అడుగవచ్చునా? అడుగకుండుటయు పాపమేనని మేము తలంచుచున్నాము. పెద్దవాడైనను ఏమియు గ్రహింపనివానికి బాధ్యుడు ఎవడును లేనియెడల, వాని వేలు ఎవని చేతికి అందిన వాని దగును. "దేవుడే చూచుకొనును" అని చేతులు దులుపుకొనుట విశ్వాసము కానేరదు. ఎస్తేరు అను హదస్సాకు తలిదండ్రులు లేనప్పుడు మొర్దెకై ఆమెను కుమార్తెగా స్వీకరించెను. గలతీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము మొదట పౌలు చెప్పు వారసుని చూడుడి. అన్నిటికి యజమానుడైనను, తండ్రి నిర్ణయించిన దినము వరకు అతడు సంరక్షకుల క్రింద నుండును. అతడు వారి చేతి క్రింద ఉన్నను ఆస్తి అతనిదే. సంరక్షకుడు ఈ మాట మరచెనా, సీబా అగును.

మొర్దెకైని గూర్చి రెండు సంగతులు గమనింపుడి. ఎస్తేరు అంతఃపురమునకు పోయిన తరువాత ఆమె క్షేమము తెలిసికొనుటకు ఆయన దినదినము ఆ ఆవరణము ఎదుట తిరుగుచుండెను. అటుపిమ్మట నాలుగవ అధ్యాయము చివర, ఎస్తేరు తనకు ఆజ్ఞాపించినట్లెల్ల ఆయన చేసెను. పెంచినవాడు పెరిగినదాని మాట వినెను. మన యిండ్లలో ఇది ఎంతమందికి సాధ్యమో ఆలోచింపుడి. ఒకసారి చేతికి వచ్చిన అధికారమును, ఆ మనుష్యునికి శక్తి వచ్చినకొలది తిరిగి యిచ్చివేయుట తీసికొనుటకంటె కష్టము.

ఈ విషయములో మన దేశపు చట్టములు మనము భయపడునంత క్రూరములు కావు. తాను చేయు ఒప్పందమును గ్రహించి, అది తనకు మేలో కీడో యోచింపలేనివాని ఒప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. కావున ఆ శనివారము మేము సంతకము చేసియున్నను ఆ కాగితము న్యాయము ఎదుట నిలుచునది కాదు. పిల్లల కొరకు 1890 నాటి సంరక్షకుల చట్టము ఉన్నది. ఇంగ్లీషువారి కాలముదైనను నేటికిని క్రైస్తవుల బిడ్డలకు అదియే ఆధారము. బంధువైనను స్నేహితుడైనను, బిడ్డ నివసించు జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకొనవచ్చును. బిడ్డ తన ఇష్టము తెలుపగల వయస్సుదైతే న్యాయాధిపతి ఆ ఇష్టమును కూడ ఆలోచింపవచ్చును. కోర్టు నియమించిన సంరక్షకుడు బిడ్డ ఆస్తిని, వివేకముగల మనుష్యుడు తన సొంత ఆస్తిని చూచుకొనునంత జాగ్రత్తగా చూడవలెను. దానివలన లాభము పొందరాదు. కోర్టు అనుమతి లేక ఆ భూమిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అయిదు సంవత్సరములకు మించి కౌలుకు ఈయరాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వలన తలిదండ్రుల నిద్దరిని పోగొట్టుకొన్న పిల్లలకు ప్రభుత్వ సహాయము ప్రకటింపబడినప్పుడు, అంతవరకు పేరు వినని మేనమామలు, పినతండ్రులు వచ్చిరని మాకు తెలిసిన అవ్వ ఒకామె చెప్పెను. ఈ చట్టములోని మాటలు వ్రాసినవారు అట్టి మేనమామలను ఎరిగినవారేయని తోచును.

తండ్రి మరణశాసనము ద్వారా తన బిడ్డలకు సంరక్షకుని నియమింపవచ్చునని 1925 నాటి చట్టము చెప్పుచున్నది. తల్లిని గూర్చి అక్కడ మాట లేదు. "నేను పోతే నా బిడ్డ గతేమిటి?" అని మాయొద్దకు వచ్చి అడుగువారు మాత్రము ఎక్కువగా తల్లులే.

పెద్దవారిలో బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యములు గలవారికొరకు 1999లో జాతీయ ట్రస్టు చట్టము వచ్చెను. దాని క్రింద జిల్లాకొక కమిటీ కలదు. కలెక్టరు హోదాకు తగ్గని అధికారి యొకరు, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి యొకరు, వైకల్యముగల వ్యక్తి యొకరు అందులో నుందురు. వారు రెండు ప్రశ్నలు విచారింపవలెను. ఈ మనుష్యునికి సంరక్షకుడు కావలెనా? కావలసినచో ఏ యే పనులకు? ఈ రెండవ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. బ్యాంకు పనికి చెయ్యి కావలసినవానికి, ఏ చొక్కా తొడుగుకొనవలెనో చెప్పు అధికారి అక్కరలేదు గదా! నియమింపబడినవాడు ఆరు నెలలలో ఆస్తి, అప్పుల జాబితా ఇయ్యవలెను. ఆ తరువాత ఏటేట ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు నెలలలోగా లెక్క అప్పగింపవలెను. అశ్రద్ధ చేసినను, సొమ్ము కాజేసినను అతనిని తొలగింపుమని బంధువులు అడుగవచ్చును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. దాని ప్రకారము నియమింపబడు సంరక్షకుడు ఒక నిర్ణీత కాలమునకు, ఒక నిర్ణీత విషయమునకు మాత్రమే. అతడు ఆ మనుష్యునితో కలిసి, ఆ మనుష్యుని ఇష్టమును బట్టి నిర్ణయింపవలెను. మనోవ్యాధిగలవారి మాట వేరు. 2017 నాటి చట్టము ప్రకారము, వ్యాధి ముదిరినప్పుడు చికిత్స విషయములో తన తరపున ఎవరు మాటలాడవలెనో ప్రతి పెద్దమనిషియు ముందుగనే తెల్లకాగితము మీద వ్రాసి సంతకముగాని వేలిముద్రగాని వేయవచ్చును. కోమాలో పడినవారికి ప్రత్యేక చట్టము లేనందున కుటుంబములు హైకోర్టులను ఆశ్రయించుచున్నవి. 2019లో కేరళ హైకోర్టు అట్టివారి విషయములో మార్గదర్శకములు ఏర్పరచెను.

ఈ సంగతులు సంఘ పెద్దల కూటములో చెప్పగా, వయస్సు మీరిన పెద్ద ఒకాయన లేచి చక్కని అడ్డు వేసెను. రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము పదిహేనవ వచనము చదువుడి అనెను. మందిరము బాగుచేయు పనివారి చేతికి ద్రవ్యమిచ్చువారు నమ్మకస్థులు గనుక వారియొద్ద లెక్క అడుగలేదని అక్కడ ఉన్నది. "నమ్మకం ఉన్న చోట లెక్క అడిగితే అవమానం కాదా?" అని ఆయన ప్రశ్న. ఆ అన్న మనస్సులో ఉన్నదియు అదియే. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి ఆ అధ్యాయమును మరల చదివితిమి. పదవ వచనములో, ఆ ద్రవ్యము పనివారి చేతికి పోకమునుపు రాజు లేఖకుడును ప్రధాన యాజకుడును ఇద్దరును కలిసి లెక్కించి సంచులలో కట్టిరి. యాజకుడు ఒక్కడే లెక్కింపలేదు. పౌలు సహితము యెరూషలేములోని పరిశుద్ధులకు చందా మోసికొని పోవునప్పుడు తోడుగా సహోదరులను తీసికొనిపోయెను. ఎవరును తమ్మును తప్పు పట్టకుండునట్లు ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యమైనదానిని చేయుచున్నానని కొరింథీయులకు వ్రాసెను. పౌలునకు అవమానము కాని లెక్క మనకెట్లు అవమానమగును? పైగా ఆ మందిరపు పనివారికి నోరున్నది, వారిని అడుగువారున్నారు. మోసపోయితినని చెప్పలేనివాని సొమ్ముకు ఈ మినహాయింపు వర్తింపదని మా అభిప్రాయము. ఆ పెద్దాయన పూర్తిగా ఒప్పుకొనలేదు. ఇప్పటికిని ఒప్పుకొనలేదు.

ఆరవ నెలలో అన్న తానే వచ్చెను. తల్లి పేరిట నున్న బ్యాంకు సొమ్ములో తమ్ముని భాగము తీయుటకు కాగితము కావలసివచ్చెనట. "మీరు చెప్పిన ఆ కమిటీ ఎక్కడుంటది?" అని నేల చూచుచు అడిగెను. సదరం సర్టిఫికెట్టు, ఆధారు కార్డులు తీసికొని కలెక్టరు కచేరీకి ఆయనతోకూడ పోతిమి. ఒక్కసారితో కాలేదు, నాలుగుసార్లు బస్సెక్కితిమి. నాలుగవసారి కమిటీ ఎదుట, చక్రముల కుర్చీలో కూర్చున్న సభ్యురాలు ఒకామె మాతో మాటలాడక తిన్నగా తమ్ముని వంక తిరిగి, "మీ అన్న నీకు అన్నం పెడతాడా? కొడతాడా?" అని అడిగెను. "పెడతాడు" అని అతడు చెప్పి, అన్న చొక్కా పట్టుకొనెను. అన్న కన్నులు చెమర్చెను. తన తమ్ముడు తన్ను గూర్చి సాక్ష్యమియ్యగా ఆయన వినుట అదే మొదటిసారి.

తమ్ముని 75 సెంట్లు అమ్మలేదు. ప్రక్క పొలమువారికి కౌలుకిచ్చిరి. కౌలు డబ్బు తమ్ముని ఖాతాలో పడుచున్నది. అన్న తన భాగములో 40 సెంట్లు అమ్మి కుమార్తె ఫీజు కట్టెను. పైకప్పు ఇంకను కారుచున్నది. సంతకము చేయకుండుట మాకు సులభమే, ఒక నిమిషము పని. దాని బరువు మోసినది మాత్రము ఆ యిల్లు. వద్దన్న సంఘము ఆ వద్దనుటలో పాలు పంచుకొనవలెనని పెద్దల కూటములో చెప్పినప్పుడు కొందరు కిటికీలోనుండి బయటికి చూచిరి. తుదకు ఇద్దరు యౌవనస్థులు ముందుకు వచ్చిరి. ప్రతి శనివారము వారు తమ్ముని తమతో ఉంచుకొందురు. ఆ దినము వదినె పుట్టింటికి పోయి రాగలుగుచున్నది. పైకప్పుకు చందా ఇంకను సగమే వచ్చినది.

లెక్కల పుస్తకము మొదట అన్నకు శిక్షగా తోచెను. వ్రాయుట రాత్రి భోజనమైన తరువాత, అరుగు మీద. ఊరక వ్రాయక, పైకి చదివి తమ్మునికి వినిపింపుమని బైబిలు స్త్రీ ఆయనకు చెప్పెను. వానికి ఏమి తెలియునని ఆయన నవ్వెను గాని చదువుట మొదలుపెట్టెను. సబ్బు, చొక్కా గుడ్డ, మందులు, బస్సు చార్జీ అని చదువుచుండగా తమ్ముడు కోళ్లను చూచుచుండునట. గత నెల ఒక రాత్రి, "అరటిపండ్లు, 30 రూపాయలు" అని చదివినప్పుడు అతడు కోళ్లను విడిచి తిరిగి చూచి, "పండు లేదు" అనెనట. అన్న తిట్టబోయి, ఆగి, భార్య నడిగెను. ఆ దినము చుట్టములు రాగా పండ్లు వారికి పెట్టితిమని ఆమె చెప్పెను. ఆయన కలము తీసి ఆ పంక్తిని కొట్టివేసెను.